ఆరని గది

తడి ఉందేమో తెలియడానికి ముందురోజు నేలకు అంటించిన ప్లాస్టిక్ షీటు మూల లేపి చూడగానే అక్క ముఖం చిట్లించింది. అడుగున నీటి బొట్లు చెమటలా పట్టి ఉన్నాయి.

"ఇవాళ కూడా తడే. చెక్క వెయ్యను."

ఆమె చెక్క ఫ్లోరింగ్ వేసే మనిషి. చెల్లెలు అత్తవారింటి కింది వాటాలో డాన్సు స్కూలు పెడుతోంది. వచ్చే వారం తెరవకపోతే పేర్లిచ్చిన పిల్లలు పక్క వీధి స్కూలుకు వెళ్లిపోతారు.

"నీకు అనుమానం జబ్బక్కా! రోజూ ఉత్తి కాళ్లతో తిరుగుతున్నా. ఎక్కడుంది తడి?"

"పాదానికేం తెలుస్తుందే? తడి మీద వేస్తే పలకలు ఉబ్బి లేస్తాయి. పిల్లలు తట్టుకుని పడితే అప్పుడు నన్నే తిడతావు."

చెల్లెలు మూతి ముడుచుకుంది. తడి ఎక్కడిదో తేల్చకుండా వదిలే రకం కాదు అక్క. కాంక్రీటు నేలకు రంధ్రాలు వేసి, తడి కొలిచే మీటరు గొట్టాలు దించి, మూతలు బిగించి వెళ్లింది.

మర్నాడు పెందలాడే వచ్చి మీటరు చూస్తే కాంక్రీటు లోపలంతా పొడి! పైన ఆరి లోపల తడి ఉండటం ఆమెకు కొత్త కాదు. ఇక్కడ అంతా తలకిందులు. అంటే నీళ్లు పైనుంచి వస్తున్నాయి. కప్పు చూసింది, గోడలు తడిమింది. ఎక్కడా మరక లేదు.

అంతలో చెల్లెలి అత్తగారు బకెట్టు, తడిగుడ్డతో వచ్చి కంగారుపడింది.

"అయ్యో, అప్పుడే వచ్చేశావా తల్లీ? ఇంకా తుడవనే లేదు!"

"రోజూ తుడుస్తున్నారా అత్తయ్యగారూ?"

"తుడవనూ మరి? పాపం, మోకాళ్ల మీద కూర్చుంటావు. నిన్ను దుమ్ములో కూర్చోబెడితే నాకు మర్యాదేనా? నువ్వు షీటు అంటించే చోటైతే రెండుసార్లు తుడిచి, నువ్వొచ్చేలోగా ఫ్యాను కూడా వేస్తాను."

గుమ్మంలోంచి చెల్లెలు తల పట్టుకుంది. "అత్తయ్యా! నా స్కూలును మీ బకెట్టులో ముంచేశారు!"

"శుభ్రం చేస్తే తప్పా ఏమిటే!"

అక్కకు నవ్వాగలేదు. "తప్పేం లేదు. లోపల ఆరిపోయింది, ఈ పైతడి ఎంతలో పోతుంది! కిటికీలు తెరిచి ఉంచండి. గదిలోకి చుక్క నీరు రాకూడదు. ఆ పూచీ మీదే."

ఆ పూట నుంచి అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుంది. కోడలు మంచినీళ్ల గ్లాసుతో వస్తే, "అక్కడే తాగేసి రా," అని ఆపింది.

మర్నాడు పొద్దున, మళ్లీ అంటించిన షీటు లేపితే అడుగున చెమ్మ లేదు. అక్క వేలితో రుద్ది చూసి లేచింది.

"పై గదిలో ఉన్న చెక్క పలకలు కిందికి దింపించు. పొద్దుగూకేలోగా సగం పరుస్తాను."

"వారంలోపు మొత్తం అవుతుందా అక్కా?"

"నేను మొదలుపెట్టాక అవకపోవడమేమిటే!"