నోటినిండా గుండుసూదులు

మా బావ ఖాతాలు తెరిపిస్తాడు. అది ఆయన ఉద్యోగం కాదు, జబ్బు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ముందుగానే పదవీ విరమణ చేసి, చేతిలో ఫోనూ బోలెడంత తీరికా మిగిలాక, చుట్టాల ఇళ్లన్నీ తిరిగి ఆన్‌లైన్ సేవింగ్స్ ఖాతాలు తెరిపించడం మొదలుపెట్టాడు. ఒక్కో తలకు మూడు వందలు ఆయనకు ముడతాయని మా అక్కే ఒకసారి నోరు జారింది. వాళ్ల అత్తగారికి చూపు ఆనదు, ఫోన్ లేదు. ఆవిడకూ ఉంది ఒక ఖాతా.

నేను దర్జీని. వీధి మలుపులో ఒక గది, ఒక కుట్టు మెషిన్, ఒక నిలువుటద్దం. ప్యాంట్ల అంచులు మడుస్తాను, పాత గౌన్ల నడుములు వదులు చేస్తాను, కర్టెన్లు కుడతాను. పని చేసేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంటాను. రెండు చేతులూ గుడ్డ మీదే ఉండాలి కదా, సూదులు ఇంకెక్కడ పెట్టుకోను? నోట్లో సూదులున్న మనిషి "ఊఁ" తప్ప మరేమీ అనలేదు. ఆ సంగతి మా చుట్టాలకు నాకన్నా బాగా తెలుసు. ఏది అడగాలన్నా సరిగ్గా అప్పుడే వస్తారు. నేను ఆగమని "ఊఁ" అంటాను. వాళ్లు సరేనన్నానని రాసేసుకుంటారు.

బావ ఇందులో ఆరితేరినవాడు. గుండీల డబ్బాలో నేను దాచుకున్న డబ్బును మూడుసార్లు "రెండు రోజుల్లో ఇచ్చేస్తా" అని పట్టుకెళ్లాడు. మూడుసార్లూ నేను "ఊఁ" అన్నానట. ఆ రెండు రోజులు ఇప్పటికీ పూర్తి కాలేదు.

నాకు కావాల్సింది ఒక ఓవర్‌లాక్ మెషిన్. గుడ్డ అంచును కత్తిరిస్తూనే పోగులు ఊడకుండా చుట్టి కుట్టేది. అది ఉంటే బడి యూనిఫాంల ఆర్డరు తీసుకోవచ్చు. లేకపోతే చచ్చేదాకా ఊళ్లోవాళ్ల ప్యాంట్లు మడుస్తూ కూర్చోవాలి. అందుకే డబ్బా మళ్లీ నింపడం మొదలుపెట్టాను. అది బావ కంట పడింది.

"డబ్బాలో పడుకుంటే డబ్బు పెరుగుతుందా మరదలా? ఖాతాలో వేసుకో. వడ్డీ వస్తుంది. కావాలన్నప్పుడు క్షణంలో తీసుకోవచ్చు. గడువు లేదు, కాగితం లేదు, క్యూ లేదు. నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టలేరు!"

ఆ ఆఖరి మాట నన్ను పట్టేసింది. ఇంకెవరూ అన్న దాంట్లో తానూ ఉన్నాడని ఆయనకు తట్టలేదు.

మర్నాడే వచ్చాడు. నా చేతిలో కర్టెన్, నోట్లో ఎప్పటిలాగే అరడజను సూదులు. నా గుర్తింపు కార్డుకు ఆయనే ఫోటో తీశాడు, నా పుట్టినతేదీ ఆయనే కొట్టాడు. నిబంధనలు చదివావా అని ఫోన్ అడిగితే, చదివిందని ఆయనే నొక్కాడు. అరవై పేజీలు రెప్పపాటులో చదివిన ఘనత నాది. చివరికి ఫోన్ తెచ్చి నా నోటి దగ్గర పెట్టాడు.

"పాస్‌వర్డ్ ఎలాగూ మర్చిపోతావ్. అందుకని నీ గొంతే పాస్‌వర్డ్‌గా పెట్టా. 'నా గొంతే నా తాళంచెవి' అని మూడుసార్లు చెప్పు."

ఆగండి, సూదులు తీస్తానని చెయ్యి ఊపాను.

"పర్లేదు, కానియ్. నాకు ఇంకో రెండిళ్లు ఉన్నాయ్."

చెప్పాను. ఫోన్‌లోని అమ్మాయి తియ్యగా ధన్యవాదాలు చెప్పింది. బావకు మూడు వందలు వచ్చాయి.

అప్పట్నుంచి ఏడాదిన్నర పాటు పైసా పైసా అందులోనే వేశాను, ఒక్కసారీ తీయలేదు. మొదటి మూడు నెలల వడ్డీ రెండు దారపు రీళ్ల ఖరీదంత. నవ్వుకోండి, నేనూ నవ్వుకున్నాను. కానీ నా డబ్బు మీద ఎవరి చెయ్యీ పడని ఏడాదిన్నర అది. అంతకుముందు నాకు అలాంటి ఏడాది ఒక్కటీ లేదు.

పాత మెషిన్లు బాగుచేసి అమ్మే మెకానిక్ బాబాయ్ దగ్గరికి నాకు కావాల్సిన ఓవర్‌లాక్ వచ్చింది. ధర నలభై వేలు. బడివాళ్లు కూడా నా మాట కోసం చూస్తున్నారు.

"శనివారం పన్నెండింటి దాకా ఉంచుతానమ్మా. పై వీధి షాపావిడ కూడా వస్తానంది. ఆవిడ నోట్లు పట్టుకునే వస్తుంది మరి."

శనివారం ఉదయం మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని వెళ్లాను. షెడ్డులో నూనె వాసన. బాబాయ్ మెషిన్ అడుగున ఏదో బిగిస్తున్నాడు. నేను ఫోన్ తెరిచాను. నలభై ఒక్క వేల రెండు వందలు, తళతళలాడుతూ కనబడుతున్నాయి. "డబ్బు పంపండి" అన్నచోట నొక్కాను. గొంతు సవరించుకుని, బడి తనిఖీకి వచ్చిన అధికారికి పాఠం అప్పగించినంత స్పష్టంగా చెప్పాను: "నా గొంతే నా తాళంచెవి."

"క్షమించండి. ఇది ఖాతాదారు గొంతు కాదు."

బావకు ఫోన్ చేశాను.

"నువ్వు గొణిగి ఉంటావ్ మరదలా. నోరు తెరిచి, గట్టిగా, విడివిడిగా చెప్పు."

గట్టిగా, విడివిడిగా చెప్పాను. షెడ్డు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. క్షమించండి అంది ఫోన్. ఇంకొక్కసారి తప్పితే నా భద్రత కోసం ఖాతాను మూడు రోజులు నిలిపేస్తుందట. నా డబ్బును నా బారి నుంచి కాపాడుతుందన్నమాట. సహాయ కేంద్రానికి చేస్తే, వరుసలో నేను నలభై ఏడో మనిషినని చెప్పి పాట పెట్టారు.

"అంతా నీ మంచికే కదా," అన్నాడు బావ. ఆయన ఎదురుగా లేకపోవడం ఆయన అదృష్టం.

పదకొండూ నలభై అయింది. నాకు ఏడుపొచ్చింది. ఏడాదిన్నర కష్టం కళ్లముందే కనబడుతోంది, చేతికి మాత్రం రావడం లేదు. గాజు వెనక పెట్టిన అన్నంలా ఉంది నా డబ్బు.

నా మొహం చూసి బాబాయ్ ఏదో ఓదార్పు మాట అన్నాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆయన పెదాల మధ్య మూడు స్క్రూలున్నాయి. ఆయన వంక అలాగే చూస్తూ ఉండిపోయాను. ఖాతా తెరిచిన రోజు నేను మాట్లాడింది అచ్చం ఇలాగే కదా! బ్యాంకు వాళ్లు నాదని రాసుకున్నది నా గొంతును కాదు, సూదుల మధ్య నుంచి వచ్చిన ఆ మూలుగును.

ఎంత మంచి బట్టలు కట్టినా నా కాలర్ వెనక సూదులుంటాయి. తడిమితే ఐదు దొరికాయి. ఆరోది బాబాయ్ బల్ల మీద ఏరుకున్నాను. ఆరింటినీ పెదాల మధ్య బిగించి, ఫోన్ దగ్గర పెట్టుకుని, చేతనైనంత ఘోరంగా చెప్పాను.

"సుస్వాగతం," అంది ఫోన్‌లోని అమ్మాయి.

బాబాయ్ నవ్వబోయి స్క్రూ మింగినంత పని చేశాడు. పై వీధి షాపావిడ వచ్చేసరికి మెషిన్ రిక్షా ఎక్కింది.

ఇంటికొచ్చాక ఫోన్ అడిగింది, మీ గొంతు మళ్లీ నమోదు చేసుకుంటారా అని. చేసుకోవాలనే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది కూడా. నోరు తెరిచి మాట్లాడితే నేను నేను కాదట, నోరు కుట్టేసుకుంటే సుస్వాగతమట! ఈ రివాజు మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్నదే, బ్యాంకు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. వేలు తెర దాకా వెళ్లి ఆగింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

రెండు నెలలయ్యాక బావ వచ్చాడు. గదినిండా యూనిఫాంలు, మూలన రెండో మెషిన్. బడివాళ్ల అడ్వాన్సు ఖాతాలో పడిందని అక్క ద్వారా తెలిసి ఉంటుంది. నా నోట్లో సూదులు చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక ఇరవై వేలు సర్దు మరదలా. రెండు రోజులే. క్షణంలో వచ్చే డబ్బే కదా, ఆ ఖాతా తెరిపించింది కూడా నేనే." బల్ల మీది నా ఫోన్ తానే తీసి, నొక్కాల్సినవి నొక్కి, నా నోటి దగ్గర పెట్టాడు. "ఊఁ, చెప్పు."

నేను ఒక్కో సూదీ తీసి, వరసగా సూదుల దిండుకు గుచ్చాను. ఆరూ గుచ్చేదాకా ఆయన చెయ్యి చాపుకుని అలాగే కూర్చున్నాడు. తర్వాత చక్కగా నోరు తెరిచి చెప్పాను: "నా గొంతే నా తాళంచెవి."

"క్షమించండి. ఇది ఖాతాదారు గొంతు కాదు."

"అదేంటి? ఇంకోసారి చెప్పు, స్పష్టంగా!"

ఇంకా స్పష్టంగా చెప్పాను. ఫోన్ మళ్లీ క్షమాపణ అడిగింది.

"మూడోసారి చెప్తే మూడు రోజులు మూసేస్తారు బావగారూ. చెప్పమంటారా?"

ఆయన ఫోన్ వంకా నా వంకా చూశాడు. ఇది ఖాతాదారు గొంతు కాదంటే ఆయనకూ నమ్మబుద్ధేసినట్టుంది. ఇన్నేళ్లలో నేను ఆయనతో అంత స్పష్టంగా మాట్లాడింది అదే మొదటిసారి. ఫోన్ బల్ల మీద పెట్టి లేచాడు.

నేను సూదులు మళ్లీ పెదాల మధ్య పెట్టుకుని యూనిఫాం కాలరు అందుకున్నాను. గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు.

"పోనీ, ఆ గుండీల డబ్బాలో ఒక ఐదు వేలేమైనా..."

"ఊఁహూఁ," అన్నాను. నోట్లో ఎన్ని సూదులున్నా ఆ మాట శుభ్రంగా పలుకుతుంది. ఇన్నాళ్లూ పలికి చూడలేదంతే.