నలభై ఒకటో ఆట

ఇలా దగ్గరికి జరగండి, పొయ్యి పక్కకి. చెప్పబోయేదీ పొయ్యి సంగతే.

ఆర్మేనియాలోని యెరెవాన్‌లో కరెంటూ గ్యాసూ లేని ఆ చలికాలాల్లో ఇంటింటా పుస్తకాలే కట్టెలయ్యాయి. సతేనిక్ ఇంట్లో చివరికి మిగిలింది ఒక్కటే, చదరంగం ఛాంపియన్ తన ఆటలకు తానే వ్యాఖ్యానం రాసుకున్న పుస్తకం. ఆమె భర్త గరెగిన్ దాన్ని ఊరికే కాల్చనిచ్చాడా? ఒక్కో కాగితం చదివి, చదరంగం పలక మీద ఆ ఎత్తులన్నీ వేసి, కంఠతా వచ్చాకే పొయ్యిలో పెట్టేవాడు.

ఒకరోజు అతను రొట్టెల వరసలో ఉండగా బిడ్డకి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. నీళ్ళు కాచడానికి సతేనిక్ అతను ఇంకా చదవని ఒక కాగితం చించి పొయ్యిలో పెట్టేసింది.

అతను వచ్చి, "నలభై ఒకటో ఆట రెండో సగమేదే?" అన్నాడు.

"పొద్దున మీరే చదివి కాల్చారుగా. మరిచిపోయారా?"

భయంలో నోటికొచ్చిన అబద్ధం. అతను నమ్మాడు. ముప్పై ఏళ్ళు నమ్మాడు. కిందటి నెల వాకిట్లో ముసలాళ్ళ దగ్గర ఓడిపోయి వచ్చి, "నా బుర్రకి ఆనాడే చిల్లి పడింది, సతేనిక్. ఇక చాలు" అని పలకని ఆమె చేత అటకెక్కించాడు.

శనివారం ఆమె ఆ పుస్తకం కోసం పాత పుస్తకాల సంతకు వెళ్ళింది. అక్కడ అమ్మే మిహ్రాన్ ఆ ఛాంపియన్ ఆటల పుస్తకాలు మూడు తీశాడు. మొదటిదాంట్లో ఉత్త ఎత్తులే. రెండోదాంట్లో ఎవరో ప్రతి ఎత్తుకూ శభాష్ రాశారు.

"ఇదేంటయ్యా, పెళ్ళి విందులో గ్లాసెత్తి పొగిడినట్టుంది."

"నీకు ఆట వచ్చామ్మా?"

"రాదు. మనుషులు తెలుసు."

మూడోదాంట్లో నలభై ఒకటో ఆట తీసింది. రెండో సగంలో ఛాంపియనే రాశాడు: 'ఈ ఎత్తు భయంతో వేశాను. తప్పు నాదే.'

ఇంటికొచ్చి ఆ పేజీ భర్త ముందు పెట్టి, జరిగింది చెప్పేసింది. గరెగిన్ టీ పక్కకి జరిపాడు.

"ముప్పై ఏళ్ళు నన్ను మతిమరుపువాణ్ణి చేశావు."

"చేశాను."

"ఆ రోజు ఆ నీళ్ళతో పిల్లకి జ్వరం తగ్గిందా?"

"తగ్గింది."

అతను కళ్ళజోడు తుడుచుకుని పేజీలోకి వంగాడు. "వీడు గుర్రాన్ని ఇక్కడా పెట్టాడు? పలక దించు. నా మోకాళ్ళు అటక ఎక్కనివ్వవు."

ఈ కథ గుర్తుంచుకుని మీ పిల్లలకీ చెప్పండి. ఎత్తులు మరిచినా పర్లేదు, ఆ కాగితం కాల్చిందెవరో మాత్రం చెప్పండి.