ఇరుపక్షాలకీ నచ్చిన వ్యాసం

నేను ఒక వ్యాసాన్ని. నాకు కాగితం లేదు, అట్ట లేదు, చెదల భయం అసలే లేదు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని తలుపులు బార్లా తీసిపెట్టిన ఒక అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో నా కాపురం. నా పేరు ‘పుల్లేటిలంక వంతెన’. గోదావరి పాయ మీది ఆ వంతెన పొడవెంత, ఎన్ని స్తంభాలు, ఎప్పుడు కట్టారు అని అడిగినవాళ్లకి చెప్పడం నా పని. ఎటూ మొగ్గకుండా చెప్పడం నా వ్రతం. ఆ వ్రతాన్ని ఎంత నిష్ఠగా చెడగొట్టుకున్నానో చెబుతాను, వినండి.

నన్ను పుట్టించినాయన యనమదల సూర్యప్రకాశం గారు. కాకినాడలో ముప్పై ఏళ్లు పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక ‘ధర్మకాటా’ అని మారుపేరు పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. మంచి మనిషి. అక్షరదోషం కనబడితే అన్నం సయించదు. కాకపోతే ఆ కాటా పుట్టుకతోనే కాస్త ఒక పక్కకి మొగ్గింది. వాళ్ల తండ్రి కాలం నుంచీ ఆ ఇల్లు పాత పార్టీ ఇల్లు. పాత పార్టీ అంటే ఏదని అడక్కండి. పేరు చెబితే రేపు పొద్దున్నే ఎవరో వచ్చి దిద్దుతారు.

వంతెనకి శంకుస్థాపన చేసింది పాత పార్టీ మంత్రి, 1981లో. ఎనిమిదేళ్ల తర్వాత కట్టి ప్రారంభించింది కొత్త పార్టీ ప్రభుత్వం. మాస్టారు నన్ను రాసినప్పుడు శంకుస్థాపనకి ఆరు వాక్యాలిచ్చి, ప్రారంభోత్సవాన్ని అరవాక్యంలో కానిచ్చేశారు. నేనూ అదే న్యాయమనుకున్నాను. పుట్టి వారం కూడా కాలేదు, నాకేం తెలుసు?

వారం తిరక్కుండానే చిక్కాల ఫణీంద్ర వచ్చాడు. అమలాపురంలో ఎరువుల కొట్టు అతనిది, నెత్తురంతా కొత్త పార్టీది. శంకుస్థాపన తర్వాత అక్కడ రెండో రాయి పడలేదని రాసి, తన నాయకుడికి ఎనిమిది వాక్యాలు కట్టబెట్టాడు. మాస్టారు చెరిపారు. అతను మళ్లీ పెట్టాడు. పూటకో పార్టీ మారే నాయకుల్ని చూసి జనం నవ్వుతారు గానీ, నేను ఒక్క మధ్యాహ్నం పదిహేడుసార్లు మారాను. మారిన ప్రతిసారీ, ఇదే నిష్పాక్షికమైన సమాచారమని మొహం గంభీరంగా పెట్టుకునే ఉన్నాను.

ఆ గొడవలోకి పడవ వచ్చింది. వంతెన లేని రోజుల్లో రేవు దాటుతూ ఒక పడవ మునిగి పదకొండు మంది పోయారు. మంత్రి వంతెన కట్టకపోవడం వల్లే పోయారని ఫణీంద్ర రాశాడు. మాస్టారికి ఒళ్లు మండింది. ఏనాటిదో పత్రిక ముక్క ఒకటి వెతికి తీసి, ‘పడవ నడిపిన సంగాడి కాముడు ఆ సమయంలో మద్యం మత్తులో ఉన్నాడు’ అని ఒక వాక్యం చేర్చారు.

ప్రతి వ్యాసానికీ వెనకాల ఒక చర్చాపేజీ ఉంటుంది. ముందుగదిలో మర్యాదగా కూర్చున్నవాళ్లు వంటింట్లోకి వెళ్లి తిట్టుకున్నట్టు, అక్కడ వాళ్లిద్దరూ నెలరోజులు తిట్టుకున్నారు. చివరికి రాజీ కుదిరింది. శంకుస్థాపన రాయికీ, ప్రారంభోత్సవ రాయికీ చెరి నాలుగు వాక్యాలు. మంత్రి తప్పన్న మాట ఫణీంద్ర తీసేశాడు. తాగుడు మాట మాత్రం ఉండిపోయింది. కాముడికి ఏ పార్టీ లేదు కాబట్టి, దానికి అభ్యంతరం చెప్పే మనిషి కూడా లేడు. పోయిన పదకొండు మందిలో అతనూ ఒకడు.

ఇరుపక్షాలకీ సమ్మతమైన చక్కని వ్యాసమని నాకొక పతకం తగిలించారు. ఆరేళ్లు ఆ పతకం చూసుకుని మురిసిపోయాను. నాలాంటి తటస్థుడు ఈ తెలుగునేల మీదే లేడనుకున్నాను.

ఏడో ఏడు ఒక కొత్త మనిషి వచ్చి ఆ తాగుడు వాక్యం చెరిపేసింది. మూలం చూపకుండా చెరిపితే మా దగ్గర దాన్ని విధ్వంసం అంటారు. నిమిషంలో వాక్యం తిరిగొచ్చింది. ఆమె మళ్లీ చెరిపింది. మళ్లీ వచ్చింది. నాలుగోసారికి మాస్టారు హెచ్చరిక పెట్టారు. అప్పుడామె చర్చాపేజీలో రాసింది. పేరు నూకరత్నం, కాముడి కూతురు, పుల్లేటిలంక అంగన్‌వాడీలో టీచరు. ఊరి వివరాలు రాసి పంపాల్సి వచ్చి ఫోనులో వెతికితే, తండ్రి తాగుబోతని మొదట కనబడింది నాలోనేనట. మా నాన్న తాగడు, మీరు చూశారా అని అడిగింది. ఇక్కడ చూడటం ప్రమాణం కాదనీ, మూలం కావాలనీ మాస్టారు పాఠం చెప్పారు. దానికామె జవాబు ఒక్క ముక్క.

“మీ మూలం రాసినాయన చూశాడాండి?”

ఆ రోజు మాస్టారు అటకమీది ట్రంకుపెట్టె దించి ఆ పత్రిక ముక్క మళ్లీ చదివారు. అందులో ఉన్నది ‘మత్తులో ఉన్నాడని స్థానిక నాయకుడొకరు ఆరోపించారు’ అని. నాలోకి ఎక్కించేటప్పుడు ఆ నాయకుడూ, ‘ఆరోపించారు’ అన్న మాటా జారిపోయాయి. ‘జారిపోయాయో, జార్చానో ఇప్పుడు నాకే తెలియడంలేదు’ అని చర్చాపేజీలో ఆయనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత జరిగిందంతా కూడా ఆయన దాచుకోకుండా అక్కడే రాశారు. నాకు తెలిసింది అలాగే.

ఆయన బస్సెక్కి పుల్లేటిలంక వెళ్లారు. అంతవరకూ ఆ వంతెనని కళ్లతో చూసింది లేదు! పిల్లల్ని ఇళ్లకి పంపేసి నూకరత్నం ఆయనకి కుర్చీ వేసింది. ఆ వాక్యం రాసింది నేనేనమ్మా అన్నారాయన. ఆమె ఎదురుగా గుమ్మం మీద కూర్చుంది. తర్వాత చెప్పింది.

“ఆ వేళ మంత్రిగారి మీటింగండి. వంతెనకి రాయేస్తారంట, జనం కావాలంట. పడవలోకి నీళ్లూరుతున్నాయి, ఇరవై మందికి మించి ఎక్కించనని మా నాన్న పడవ తోసే గెడ గట్టు మీద పడేశాడండి. మీటింగుకి జనాన్ని తోలేవోళ్లే ఆ గెడ తీసి సేతిలో పెట్టారు. నలభై మంది ఎక్కేశారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అన్నం కేరేజీ అట్టుకుని రేవులోనే ఉన్నానండి.”

వినండి, ఇదీ నా తెలివి. శంకుస్థాపన తేదీ నా రెండో పేరాలో ఉంది. పడవ మునిగిన తేదీ ఐదో పేరాలో ఉంది. రెండూ 1981 సెప్టెంబరు తొమ్మిదే. ఏడేళ్లు రెంటినీ కడుపులో పెట్టుకుని కూడా నాకు తట్టలేదు. నన్ను దిద్దిన ఇద్దరికీ తట్టలేదు.

నమ్మకం కలిగినా మూలం కావాలి కదా. మాస్టారు సమాచార హక్కు కింద అర్జీ పెట్టారు. ఐదు నెలలు తిప్పాక నాలుగు పేజీల విచారణ నివేదిక చేతికొచ్చింది. పడవవాడు వద్దన్నా బలవంతంగా ఎక్కారనీ, అతను తాగిన ఆనవాళ్లు లేవనీ బతికినవాళ్లు చెప్పారు. జనాన్ని ఎక్కించిన నాయకుడి పేరూ ఉంది. తాగాడని పత్రికకి చెప్పింది కూడా ఆయనేనని అందులో ఉంది. ఆ పెద్దమనిషి తర్వాత కొత్త పార్టీలోకి మారి, ప్రారంభోత్సవం నాడు వేదిక మీద కూర్చున్నాడు.

మాస్టారు తన వాక్యం తీసేసి, నివేదికలో ఉన్నదంతా రాసి, పదకొండు పేర్లూ చేర్చారు. ఫణీంద్ర వెంటనే వచ్చాడు.

“మాస్టారూ, ఇది మీవాళ్లకీ తలనొప్పి, మావాళ్లకీ తలనొప్పి. ఎన్నికల ముందు ఇప్పుడెందుకండీ?”

“మనకి ఎప్పుడో రావలసిన తలనొప్పి, ఫణీంద్రా. ఆలస్యంగా వచ్చింది.”

మూడు రోజులు అతని అలికిడి లేదు. అన్నీ చెరిపేస్తాడని భయపడ్డాను. నాలుగో రోజు వచ్చి, చనిపోయినవాళ్లలో ఒకామె ఇంటిపేరులో తప్పుపడిన అక్షరం దిద్ది వెళ్లిపోయాడు. ఆమె అతని ఊరి మనిషట.

నా పతకం పోయింది. వ్యాసంలో నిలకడ లేదని ఎవరో ఫిర్యాదు చేశారు. రెండు రోజులు బాధపడ్డాను, అబద్ధమెందుకు. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటుంది. ఆ తాగుడు వాక్యాన్ని నానుంచి ఎత్తుకుపోయిన వెబ్‌సైట్లున్నాయి, పోటీపరీక్షల పుస్తకం ఒకటుంది. అవి నేను పిలిస్తే తిరిగి రావు. ఇంత నమ్మకంగా చెప్పడం వాటికి నేర్పింది నేనే.

కొన్నాళ్లకి నూకరత్నం మళ్లీ చర్చాపేజీలో రాసింది. వాక్యం తీసేశారు కదా, చరిత్ర అన్నచోట నొక్కితే ఇంకా కనబడుతోందేమిటని అడిగింది. ఇక్కడ రాసిందేదీ పూర్తిగా చెరగదనీ, ఎవరు ఏ రోజు రాశారో పేరుతో సహా ఉండిపోతుందనీ మాస్టారు జవాబిచ్చారు. ఈ సర్వస్వం నడిపే పెద్దలకి అర్జీ పెడితే అదీ కనబడకుండా దాచేస్తారు, పెట్టమంటావా అమ్మా అని కూడా అడిగారు.

మర్నాడు ఆమె జవాబు వచ్చింది.

“వద్దండి. రాసినకాడా మీ పేరే ఉంది, తీసినకాడా మీ పేరే ఉంది. రెండూ ఉండనియ్యండి. మా మనవరాలు సదువుకుంటది.”