పనిరోజు జ్వరం

ఖాళీ చెరకు బండిలో గోనెపట్టా పరిచి, దాని మీద పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని ఆశన్న బోధన్ ధర్మదవాఖానకు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమయింది. నాలుగు నెలల్లో ఇలా రావడం మూడోసారి. వరండాలో అప్పటికే ముప్పైమంది దాకా ఉన్నారు. ఒక ముసలాయన కాలిపుండు కడుగుతున్న నర్సు ప్రమీలమ్మ తలెత్తి చూసి, చేతిలోని దూదిని పళ్లెంలో పడేసింది.

"మల్ల పనికి పోయినవా సాయవ్వా?"

సాయవ్వ రెండు చేతులూ బల్లకు ఆనించి ముందుకు వంగింది. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి. ప్రతి ఊపిరికీ గొంతు కింద గుంట పడుతోంది.

"రెండు దినాలే పోయింది సిస్టరమ్మా," అన్నాడు ఆశన్న. "పదకొండు దినాలు మాక్లూర్ల తల్లిగారింట్ల ఉండె. మంచిగనే ఉండె. కడుపు నిండ తిన్నది, నవ్వింది. వచ్చినంక సోమవారం, మంగళవారం పని చేసింది. గంతే."

అతని గొంతులో బాధ కంటే విసుగే ఎక్కువ వినిపించింది. ప్రమీలమ్మకు కూడా విసుగే వచ్చింది. ఆయాసం మాత్ర వేసి, వీపుకు దిండ్లు పెట్టి, కిటికీ పక్క మంచం మీద సాయవ్వను కూర్చోబెట్టింది.

అది 1966 ఏప్రిల్, వేసవితోపాటు వెయ్యిన్నొక్క రోగాలు వచ్చే కాలం. ఊరి చివర ఒక అట్టల మిల్లు ఉంది. గానుగలో రసం పోగా మిగిలిన చెరకు పిప్పిని కట్టలు కట్టి అక్కడి షెడ్లలో నెలల తరబడి పేరుస్తారు. పైకి ఎండినట్టే కనిపిస్తాయి గాని లోపల బూజు పడతాయి. ఆ కట్టల తాళ్లు కోసి, పిప్పిని చేతులతో విడదీసి మిషన్‌కు అందించడం ఆడవాళ్ల పని. సాయవ్వ రెండేళ్లుగా అదే చేస్తోంది.

సంక్రాంతి ముందు మొదటిసారి వచ్చినప్పుడు డాక్టర్ నూరుల్లా ఆమె ఛాతీ విని క్షయ అని రాశాడు. అప్పటినుంచి సూదులు. కళ్లెను మూడుసార్లు నిజామాబాదు పంపితే మూడుసార్లూ ఏమీ లేదనే వచ్చింది. అయినా సూదులు ఆగలేదు. క్షయ రోగికి చెప్పవలసిన జాగ్రత్తలన్నీ ప్రమీలమ్మ స్వయంగా చెప్పింది. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకో. కంచం వేరు పెట్టుకో. బిడ్డను పక్కలో పడుకోబెట్టుకోకు. ఇంట్లో వాళ్లు ఆ మాటలు బాగానే పాటించారు. సాయవ్వ కంచాన్ని అత్త పశువుల కొట్టంలో పెట్టింది. నాలుగేళ్ల కూతురు గోదావరి అమ్మ దగ్గరికి రాబోతే రెక్క పట్టుకుని ఇవతలికి లాగింది.

సాయంత్రం నాలుగింటికి జనం పలచబడ్డాక ప్రమీలమ్మ ముక్కాలిపీట లాక్కుని సాయవ్వ మంచం పక్కన కూర్చుంది. ఊపిరి కాస్త నెమ్మదించింది.

"జరం రోజు వస్తదా?"

"రోజు రాదు."

"ఏ రోజు రాదు?"

సాయవ్వ ఆలోచించింది. ఆ మాట ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"నాగ చేసిన్నాడు రాదు. పనికి పోయిన్నాడు దీపాలు పెట్టే యాళ్లకు సలి పెట్టుకొని వస్తది. రాత్రంత దగ్గే. తెల్లారేసరికి దిగుతది. మల్ల పనికి పోత."

ప్రమీలమ్మ నర్సు ఉద్యోగానికి వచ్చి పదేళ్లయింది. నాలుగు నెలలుగా ఈ మనిషికి ఏం చేయాలో చెబుతూనే ఉంది గాని, ఈ ఒక్క ప్రశ్న అడగలేదు. ఒక కాగితం తీసుకుని, సాయవ్వ పనికి పోయిన రోజులూ పోని రోజులూ జ్ఞాపకం చేయించి రాసింది. పక్కన జ్వరం వచ్చిన రోజులు రాసింది. రెండు వరుసలూ ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు సరిపోయాయి.

డాక్టర్ నూరుల్లా ఆ కాగితం రెండుసార్లు చదివాడు. పాత ఎక్స్‌రే పటాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. యాభై దాటిన మనిషి, రోజుకు నూటయాభైమందిని చూసే మనిషి. కుర్చీలో కూలబడి కళ్లద్దాలు తీశాడు.

"ఇది టీబీ కాదమ్మా. నేను తొందరపడ్డ." కాగితం మీద వేలు పెట్టి అన్నాడు. "కొందరికి వంకాయ పడది, తింటే దద్దుర్లొస్తయి. ఈమెకు బూజు పిప్పి దుమ్ము పడుతలేదు. దద్దుర్లు తోలు మీద కనబడుతయి, ఈ వాపు ఊపిరితిత్తుల్ల ఉన్నది, కనబడది. అంతే ఫరఖ్."

"మందేంది సార్?"

"దుమ్ముకు దూరముండుడే మందు. తగ్గిందని పోతే మల్ల వస్తది. ఇట్లనే ఏండ్లు గడిస్తే ఊపిరితిత్తి గట్టిపడుతది. ఆనాడు మనం చేసేదేం ఉండది."

సూదులు ఆపేశాడు. దుమ్ము లేని పని ఇవ్వాలని మిల్లుకు చీటీ రాసి ఇచ్చాడు.

ప్రమీలమ్మ ఆ సంగతి చెప్పినప్పుడు సాయవ్వ మొదట అడిగింది ఒక్కటే.

"నా బిడ్డను పక్కల పండుకోబెట్టుకోవచ్చునా?"

"పెట్టుకో. ఇది ఒకరినుంచి ఒకరికి అంటేది కాదు. కంచం గూడ ఇంట్లకు తెచ్చుకో. నేను చెప్పింది తప్పు."

సాయవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆశన్న గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ పూట ప్రమీలమ్మకు తన పనిమీద కొంచెం ఆశ కలిగింది. ఉత్సాహంగా చెప్పుకుపోయింది. వేరే పని దొరికేదాకా కట్ట కోసే ముందు నీళ్లు చల్లాలి. గాలికి ఎదురుగా నిలబడకూడదు. తడిగుడ్డ మూడు మడతలు వేసి ముక్కూ నోరూ కట్టుకోవాలి. ఇంటికి పోగానే ఆ బట్టలు విప్పి స్నానం చేయాలి.

సాయవ్వ అన్నిటికీ తలాడించి, చివరికి అడిగింది.

"నీళ్లెవలిస్తరు సిస్టరమ్మా? తాగెతందుకే ఒక్క కుండ పెడుతరు. గాలి దిక్కు సూసుకొని నిలబడ్తె మిషిను ఆగుతదా? మూతికి తడిగుడ్డ కట్టుకుంటె పది కట్టలకే ఊపిరాడది, ఇప్పేస్తం."

ప్రమీలమ్మ చేతిలోని చీటీని మళ్లీ మడిచింది.

"దీనికి సర్కారు మందు గిట్ల ఉన్నదా?" అడిగాడు ఆశన్న.

"లేదు," అంది ప్రమీలమ్మ. "ఆ పని ఇడువాలె."

"టీబీ అంటె పుక్యానికి సూదులన్న ఏసిండ్రు, పాలపిండి ఇచ్చిండ్రు. గీ పడని రోగానికి పనే ఇడువుమంటిరి." అతను బండి దగ్గరికి నడిచాడు. "గా రోగమే నయముండె గదా సిస్టరమ్మా."

చీటీ తీసుకుని ప్రమీలమ్మే మిల్లుకు వెళ్లింది. షెడ్డులో ఇరవైమంది ఆడవాళ్లున్నారు. సకీనా అనే ఆమె కొడవలితో తాడు కోయగానే కట్ట బుస్సుమని విచ్చుకుంది. నడుమనుంచి తెల్లని దుమ్ము పొగలా లేచింది. ప్రమీలమ్మకు ఒక్క క్షణం ఎదుటి మనిషి మొహం కనిపించలేదు.

గుత్తేదారు రామ్‌దాస్ మర్యాదగానే కుర్చీ వేయించాడు, చాయ తెప్పించాడు.

"నీళ్లు సల్లితె తూకం తప్పుతది సిస్టర్. నాకు పైసలు ఎండు పిప్పి లెక్కన ఇస్తరు. రోజు తలా ఇంత బెల్లం పెడుతున్న. బెల్లం తింటె దుమ్ము కడుపులకు జారిపోతది."

"దుమ్ము పోయేది కడుపులకు కాదు."

"ఇరవైమంది చేస్తుండ్రు. ఎవరికి లేని రోగం ఈమెకే ఎందుకొచ్చె? లోపం ఆమె ఒంట్ల ఉన్నది, నా పిప్పిల లేదు."

పడకపోవడమంటే అదేననీ, ఒకరికి ముందు ఒకరికి వెనక రావచ్చుననీ ప్రమీలమ్మ విడమరచి చెప్పింది. రామ్‌దాస్ తలూపుతూ విన్నాడు. ఆమె ఆడవాళ్ల వైపు తిరిగింది.

"మీల ఇంకెవరికన్న సాయంత్రం జరం వస్తుందా?"

అందరూ మళ్లీ కట్టల మీదికి వంగారు. సకీనా మొహం తిప్పుకుని కొంగులో దగ్గింది.

రామ్‌దాస్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు సాయవ్వను గేటు దగ్గరే ఆపి, రోగమున్నవాళ్లకు ఇక్కడ పని లేదని పంపేశాడు.

నెల గడిచింది. ఆశన్న బజారులో ఎదురుపడితే ప్రమీలమ్మను చూసి మొహం తిప్పుకున్నాడు. సాయవ్వ పసుపు చేలలోకి కూలికి పోతోంది. మిల్లులో రోజుకు రూపాయి ముప్పావలా వచ్చేది. చేలో రూపాయి, అదీ పని దొరికిన రోజున. దవాఖాన గోడ మీది బొమ్మల కాగితాలను చూస్తే ప్రమీలమ్మకు ఒళ్లు మండేది. పౌష్టికాహారం తినండి, విశ్రాంతి తీసుకోండి. తాను చెప్పిన ఒక్క నిజం ఒక మనిషి పని ఊడగొట్టింది, మిగతా ఇరవైమందికి దగ్గు దాచుకోవడం నేర్పింది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. సాయవ్వ వాడకట్టులో ఊరుకోలేదు. నల్లా దగ్గర, చాకిరేవు దగ్గర, కనిపించిన మిల్లు మనిషినల్లా అడుగుతోంది. నాగ చేసిన్నాడు జరం వస్తుందా నీకు? పనికి పోయిన్నాడు వస్తుందా? ఇద్దరు ముగ్గురు మొదట కసురుకున్నారు. తర్వాత వాళ్లే రోజులు లెక్కపెట్టుకోసాగారు.

ఆ మాట రామ్‌దాస్ చెవిన పడింది. జూన్‌లో మిరుగు కార్తె వానలు మొదలైన వారానికి ఒక పొద్దున, జ్వరం మాట ఎత్తిన పదకొండుమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని దవాఖానకు వచ్చాడు. అందరూ ఆరోగ్యంగా ఉన్నారని కాగితం కావాలన్నాడు. ప్రమీలమ్మ ఒక్కొక్కరికీ థర్మామీటరు పెట్టింది. ఒక్కరికీ జ్వరం లేదు.

"సూసిండ్రు గదా డాక్టర్ సాబ్. సంతకం చేసియ్యుండ్రి."

"సాయంత్రం తీసుకరండి," అంది ప్రమీలమ్మ. "జరం వచ్చేది అప్పుడు."

రామ్‌దాస్ నవ్వు తగ్గించాడు. "దవాఖాన కమిటీకి పెద్దమనిషి మా మిల్లు సేటు అన్న సంగతి యాదికుండాలె."

డాక్టర్ నూరుల్లా కలం మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "రేపు చూద్దాం," అన్నాడు.

ఆడవాళ్లు మెట్లు దిగుతుంటే ప్రమీలమ్మ వెనకే వెళ్లింది. ఇవాళ పనికి పోకండని చెబుదామనుకుంది. పోకపోతే జ్వరం రాదు. జ్వరం రాకపోతే రుజువు లేదు. రుజువు కావాలంటే వీళ్లు ఇవాళ ఆ దుమ్ము పీల్చాలి. మెట్ల మీదే నిలబడిపోయింది. సకీనా ఆమె మొహం చూసి అర్థం చేసుకుంది.

"ఎట్లయిన పోయేదే గద సిస్టరమ్మా. పోయొస్తం. థర్మామీటరు కడిగి పెట్టుకో."

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వాళ్లు వచ్చారు. పదకొండుమందిలో ఎనిమిదిమంది. వరండాలో గోడకు ఆనుకుని, ఒకరినొకరు కరుచుకుని వణుకుతూ కూర్చున్నారు. వాళ్లను నడిపించుకొచ్చింది సాయవ్వ. ఒక్కటే థర్మామీటరు. ప్రమీలమ్మ పెట్టి, చూసి, విదిలించి, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టింది. నూటొకటి. నూటరెండు. నూటొకటిన్నర. పేరు పక్కన అంకె రాసుకుంటూ పోయింది. డాక్టర్ ఒక్కొక్కరి వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

ఎవరో చెప్పినట్టున్నారు, సైకిల్ మీద రామ్‌దాస్ వచ్చాడు. వరుసగా చూశాడు. అతను కూడా ఒక్క క్షణం కంగారుపడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"వానలు పడ్డయి. వాడకట్టు నిండ దోమలే. మలేరియా అని రాయుండ్రి డాక్టర్ సాబ్. మాత్రలు నేనే తెప్పిస్త."

రిజిస్టరులో పేర్లున్నాయి, జ్వరాలున్నాయి. కారణం రాయవలసిన గడి మాత్రం ఎనిమిది పేర్లకూ ఖాళీగా ఉంది. డాక్టర్ కలం ఆ గడి మీద ఆగిపోయింది.

సాయవ్వ ముందుకొచ్చి ప్రమీలమ్మ పీట ఎదురుగా కూర్చుంది.

"నాకు గూడ పెట్టు సిస్టరమ్మా."

"నీకెందుకు?"

"పెట్టు."

ప్రమీలమ్మ పెట్టింది. రెండు నిమిషాల తర్వాత తీసి దీపం దగ్గర పట్టి చూసింది.

"తొంబై ఎనిమిది. జరం లేదు."

సాయవ్వ రామ్‌దాస్ వైపు తిరిగింది. గట్టిగా మాట్లాడలేదు. ఊపిరి ఎక్కడా తెగకుండా మాట్లాడింది.

"సకీనాది, నాది పక్కపక్క ఇల్లు సేటూ. ఆమెను కుట్టిన దోమలే నన్ను కుడుతున్నయి. రోగం మనిషివని నన్ను గేటు కాడికెల్లి ఎల్లగొడితివి. నేను పిప్పి ముట్టక రెండు నెలలాయె. గీ తొమ్మిది మందిల జరం లేనిదాన్ని నేనొక్కదాన్నే."

రామ్‌దాస్ ఆడవాళ్ల మీద విరుచుకుపడ్డాడు.

"ఇగ లేవుండ్రి! పొద్దుగాల ఆరింటికి మిషిను నడువాలె. రానోళ్ల జాగల వేరేటోళ్లు వస్తరు, చెప్తున్న."

వాళ్లు లేవలేదు. అతని మాట నిజమని వాళ్లకు తెలుసు. మహారాష్ట్ర వైపునుంచి పని కోసం రోజూ జనం దిగుతూనే ఉన్నారు. వణుకులో సకీనా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. మోకాళ్ల చుట్టూ చేతులు బిగించి, మాట నిలదొక్కుకున్నాక అంది.

"పిప్పి మీద నీళ్లు పోసినంక పిలువు సేటూ. అప్పుడొస్తం."

రామ్‌దాస్ ఆమెను చూశాడు, డాక్టర్‌ను చూశాడు. డాక్టర్ రిజిస్టరు మూయబోయాడు. ప్రమీలమ్మ చేయి చాచి ఆ పేజీ మీద పెట్టింది, ఖాళీ గడి పక్కనే. తీయలేదు.