ఏడు కణాల సాక్ష్యం

వాషింగ్ మెషీన్‌లో వేసేముందు భర్త జేబులు వెతకడం కూడా ఆమె పనే. ఒకసారి పెన్ను ఉండిపోయి బట్టలన్నీ నీలమైతే, "కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అని అత్తగారు ఆమెనే అడిగింది. పెన్ను మర్చిపోయిన మనిషిని ఎవరూ ఏమీ అనలేదు. ఇవాళ, ఆయన పొద్దున్నే నడకకి వేసుకెళ్ళే ప్యాంటులో దొరికింది పెన్ను కాదు. కాగితం మడతలో పసుపు మాత్రలు, పదకొండు.

ఆయన ఊపిరితిత్తుల్లో కణితి బయటపడ్డప్పటి నుంచి రోజూ ఐదింటికి అలారం పెట్టుకుని లేచి, పరగడుపున ఆయన అరచేతిలో ఆమె పెడుతున్న మాత్రలవి. పెట్టడమే గానీ మింగేదాకా నిలబడలేదు. పాలు పొంగుతాయని వంటింట్లోకి పరిగెత్తేది. ఇవి పదకొండే. అంతకుముందువి ఎక్కడికి పోయాయో! వీటిని పారేసే పని కూడా ఆమెకే వదిలేశాడు.

నిన్న ల్యాబ్‌లో అంతుపట్టనిది ఇప్పుడు అర్థమైంది. కణితి నుంచి ఊడి రక్తంలో తిరిగే కణాలను పట్టుకోవడం ఆమె ఉద్యోగం. చిన్న గొట్టంలో పట్టే రక్తంలో కోటానుకోట్ల మంచి కణాల మధ్య అవి నాలుగో ఐదో ఉంటాయి. మైక్రోస్కోపు కింద వెతికి, వెంట్రుకంత సన్నటి గాజు గొట్టంతో ఒక్కొక్కటే ఏరితే, వాటి జన్యువులు చదువుతారు. ఆ పట్టు ల్యాబ్ మొత్తంలో ఆమె చేతికే ఉంది. "బియ్యంలో రాళ్ళేరిన చెయ్యి కదా!" అని చూడవచ్చిన వాళ్ళ ముందు నవ్వుతాడు ల్యాబ్ పెద్ద. వ్యాసాల మీద పేరు మాత్రం ఆయనది.

భర్త కణితి మళ్ళీ పెరిగింది. కణాలు మందుకి లొంగకుండా మారిపోయాయేమోనని డాక్టరు రక్తం పంపించాడు. ఆమె ఏడు కణాలు ఏరింది. ఒక్కదానిలోనూ ఆ మార్పు లేదు. ఏడూ ఈ మాత్రకి చావాల్సినవే. మరెందుకు చావలేదని రాత్రంతా బుర్ర బద్దలుకొట్టుకుంది.

మాత్రలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. మధ్యాహ్నం డాక్టరు ముందు ఆయనే చెబుతాడేమో, చూద్దామనుకుంది.

డాక్టరు రిపోర్టు చదివి, రోగిని వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, మాత్ర వేళకి ఇస్తున్నారా?"

"ఎక్కడండీ!" అత్తగారు అందుకుంది. "తెల్లారితే ఉద్యోగానికి ఉరుకులు పరుగులు. ఊళ్ళోవాళ్ళ కణాలన్నీ ఏరుతుంది గానీ మొగుడి మాత్ర గుర్తుంటుందా?"

ఆమె భర్త వైపు చూసింది. ఒక్క మాట చాలు. ఆయన చొక్కా గుండీ తిప్పుకుంటూ, "పోన్లెండి, దాని పనుల్లో అది... అప్పుడప్పుడు మర్చిపోతుంటుంది" అన్నాడు.

ఆమె కాగితం మడత తీసి, రిపోర్టు మీద పెట్టి విప్పింది. "ఈయన ప్యాంటు జేబులో దొరికాయండీ."

భర్త తల దించుకుని గొణిగాడు. "ఈ మాత్ర వేసుకుంటే మొహం నిండా కురుపులు. ఆఫీసులో అందరూ అడుగుతున్నారు. ఇది పనిచెయ్యట్లేదంటే వేరే మందు రాస్తారనుకున్నా."

ఏడాదిగా నిద్రలేక పీక్కుపోయిన తన మొహం గురించి ఎవరూ అడగలేదని ఆమెకు గుర్తొచ్చింది.

"అయినా వాడు మింగాడో లేదో దగ్గరుండి చూసుకోవద్దూ?" అంది అత్తగారు.

"నయం, కణాలింకా మందుకి లొంగేవే" అన్నాడు డాక్టరు. "రేపట్నుంచి దగ్గరుండి మింగించండమ్మా."

ఆమె తన ఫోను తీసి ఐదింటి అలారం తీసేసింది. భర్త జేబులోంచి ఆయన ఫోను తీసి, అందులో పెట్టింది. బ్యాగులోంచి మాత్రల డబ్బా తీసి ఆయన చేతికిచ్చి లేచి నిలబడింది.

"ఇన్నాళ్ళూ ఒక్కరోజు కూడా మర్చిపోలేదండీ" అంది డాక్టరుతో. "రేపట్నుంచి మర్చిపోతాను."