ముందు సంతకాలు

సోమవారం పది కొట్టగానే హౌసాబాయి వచ్చి వరండాలో బల్ల చివర కూర్చుంది. లోపల కుర్చీలో ఉన్న సులభకు ఆమె మోకాళ్ళూ, వాటి మీద పెట్టుకున్న గుడ్డసంచీ మాత్రమే కనిపిస్తున్నాయి. సులభ కుర్చీని కాస్త పక్కకు జరుపుకుంది.

ఏడాదిగా ప్రతి సోమవారమూ ఇంతే. శిరోళ్ వైపు పల్లె నుంచి ఎర్రబస్సులో కొల్హాపూర్ వస్తుంది. పన్నెండు లోపల శార్దూల్ ఇంగవలే అనే కుర్రాడు మెట్లెక్కి వచ్చి, సులభ ముందున్న రిజిస్టరులో తేదీ వేసి, సంతకం పెట్టి పోతాడు. అతను రావడమూ పోవడమూ చూసి హౌసాబాయి లేచి వెళ్ళిపోతుంది. ఒక్కసారి కూడా పలకరించలేదు. మొదట్లో సులభకు భయం వేసి, ఎందుకొస్తున్నావని అడిగింది.

"వాడు మా తానాజీని కారుతో గుద్ది పడేసినప్పుడు నేను చూళ్ళేదు తాయీ. ఈ మెట్లెక్కడమన్నా చూస్తా," అంది హౌసాబాయి.

తానాజీ ఆమెకు ఒక్కడే కొడుకు. తెల్లారగట్ల సైకిలుకు పాలక్యాన్లు కట్టుకుని వస్తున్నవాణ్ణి శార్దూల్ కారు ఈడ్చుకుపోయి చంపేసింది. శార్దూల్‌కు అప్పుడు పదిహేడేళ్ళు. తాత చక్కెర ఫ్యాక్టరీ ఛైర్మన్. బాల న్యాయమండలి జైలు మాట ఎత్తలేదు. మూడేళ్ళ ప్రొబేషన్ అంది. సోమవారం సోమవారం ప్రొబేషన్ ఆఫీసరు దగ్గర సంతకం, శనివారాలు ప్రభుత్వాసుపత్రిలో ప్రమాదాల వార్డులో సేవ. కారు ముట్టకూడదు, మందు ముట్టకూడదు, జిల్లా దాటకూడదు. ఆ ప్రొబేషన్ ఆఫీసరు సులభా కాంబ్లే.

ఇప్పుడు ఆమె ముందు రిజిస్టరు తెరిచి ఉంది. ఈ రోజు తేదీకి ఎదురుగా శార్దూల్ సంతకం ఉంది. శార్దూల్ లేడు.

గణపతి పండగకు ముందు సోమవారం అతనితో పాటు తల్లి మృణాలిని కూడా వచ్చింది. కారు వీధి చివర ఆపుకుని నడిచి వచ్చింది. "పండగ పది రోజులూ మా ఇంటినిండా చుట్టాలు తాయీ. ప్రతి సోమవారం పిల్లాడు ఎక్కడికెళ్తున్నాడని అడుగుతారు, నేనేం చెప్పను? ఆ తర్వాత వాడికి పరీక్షలు. ఇవాళ్టితో కలిపి నాలుగు సోమవారాలూ ఒకేసారి పెట్టించెయ్యండి. వాడు ఇంట్లోనే ఉంటాడు, మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోండి," అంది. డబ్బు మాట రాలేదు. వచ్చి ఉంటే సులభ గుమ్మం చూపించేది. ఆకులో చుట్టిన మోదకాలు మాత్రం బల్ల మీద పెట్టింది. అంత పెద్దింటి మనిషి తనను తాయీ అని, అక్కా అన్నట్టు పిలిచి, ఆ పాత కుర్చీలో ఒదిగి కూర్చుని అడగడం సులభకు బాగున్నట్టే అనిపించింది. కుర్రాడు నాలుగు తేదీలు వేసి నాలుగు సంతకాలు పెట్టాడు. ఆ వరసన ఇవాళ్టితో మూడు సోమవారాలు గడిచాయి. మొదటి వారం హౌసాబాయికి పండగ అని చెప్పింది. రెండో వారం ఆమె అడిగితే, "సంతకం అయిపోయింది మావ్శీ," అని పిన్ని వరస కలిపి చెప్పింది. ఆ మాట అబద్ధం కాదని తనకు తను సర్దిచెప్పుకుంది.

ఈ పొద్దున్నే వార్డు సిస్టరు ఫోను చేసింది. "మీ దొరబాబు మూడు శనివారాలుగా రాలేదు మేడం. బెడ్‌పాన్లు అంటే అసహ్యం పుట్టిందా ఏంటి?"

అంతకు ముందు వారంలోనే ఊరంతా ఒక వీడియో చూసింది. ఆగస్టులో శార్దూల్‌కు పద్దెనిమిది నిండిన రోజున తీసింది. కారు బానెట్ మీద కేకు పెట్టి తల్వారుతో కోస్తున్నాడు. ఇంకో చేతిలో సీసా. కేకు తిన్నాక స్టీరింగు ముందుకెక్కి కూర్చున్నాడు. హౌసాబాయి మేనల్లుడు ఆ వీడియో తీసుకెళ్ళి మండలిలో ఫిర్యాదు పెట్టించాడు. గురువారం విచారణ. ఆ రోజు రిజిస్టరు పట్టుకుని రమ్మని సులభకు కాగితం వచ్చింది.

పన్నెండున్నరకు హౌసాబాయి గుమ్మంలోకి వచ్చింది.

"ఇవాళ కూడా అయిపోయిందా తాయీ, సంతకం?"

సులభ తల పైకెత్తలేదు. "అయింది."

"నా కళ్ళు పోతున్నాయి కాబోలు. పది నుంచీ ఇక్కడే ఉన్నా, వాడు రావడం కనపళ్ళేదు," అని హౌసాబాయి మెట్లు దిగిపోయింది.

తేలు కుట్టిన దొంగలా అయింది సులభ పని. అరవడానికి లేదు, ఓర్చుకోవడానికీ లేదు. మధ్యాహ్నం ఆఫీసు వదిలి, రిక్షా ఎక్కి ఇంగవలే వాళ్ళ బంగళాకు వెళ్ళింది.

మృణాలిని హాల్లోకి రానివ్వలేదు. పక్కనున్న చిన్నగదిలో కూర్చోబెట్టి తనే టీ తెచ్చింది.

"శార్దూల్‌ని ఒక్కసారి పిలవండి వహినీ. చూసి వెళ్ళిపోతాను."

"పన్హాళాలో ఉన్నాడు. జ్వరం."

"పన్హాళా ఇక్కడికి గంట దూరం. ఇప్పుడే వెళ్ళి చూస్తాను. ఏ ఇల్లు?"

మృణాలిని ఎదురుగా కూర్చుంది. కొంగు అంచును వేలికి చుట్టుకుంది.

"ఖాట్మండులో ఉన్నాడు," అంది చివరకు. "మా తమ్ముడి స్నేహితుల ఇంట్లో. ఆ వీడియో బయటికొచ్చిన రోజే పంపించేశాం. ఈ గోల చల్లారేదాకానే తాయీ. మళ్ళీ తీసుకొచ్చేస్తాం."

"నా దగ్గర ముందుగా పెట్టించింది దీనికేనా?"

"దేవుడి మీద ఒట్టు, ఆ రోజు పండగ కోసమే అడిగాను." ఆమె మంగళసూత్రం చేత్తో పట్టుకుంది. "తర్వాత తమ్ముడే గుర్తు చేశాడు, సంతకాలు ఉన్నాయిగా అని. మీకు పిల్లలున్నారా?"

"ఒక కూతురు."

"అయితే మీకు నేను చెప్పక్కర్లేదు. జైల్లో వాడు ఒక్క రాత్రి ఉండలేడు. దుప్పటి గరుగ్గా ఉంటే నిద్ర పట్టదు వాడికి."

సులభ టీ ముట్టకుండా కప్పు పక్కకు జరిపింది. ఆ దుప్పటి మాట విని నవ్వు రావాలి, రాలేదు.

"మీరేం చెప్పక్కర్లేదు," అంది మృణాలిని ఇంకా మెత్తగా. "మీ పుస్తకమే చెబుతుంది, వాడు కొల్హాపూర్లోనే ఉన్నాడని. మీరు కాదంటే ముందు మీ మీదకే వస్తుంది కదా. ఇందులో మీరూ నేనూ ఒకే తాటి మీద ఉన్నాం తాయీ."

బయటికి వచ్చాక సులభకు రిక్షా పిలవాలని కూడా తోచలేదు. ఎండలో సగం దూరం నడిచింది. ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు. పదకొండు నెలలకోసారి కాగితం కొత్తది చేయించుకోవాలి, ఈసారి గడువు అక్టోబరు పదికి. భర్త దిలీప్ పనిచేసే ఫౌండ్రీ మూతపడి ఏడు నెలలైంది. కూతురు ఆసావరి పాలిటెక్నిక్ రెండో ఏడు.

గురువారం పొద్దున భాకరీలు, జొన్నరొట్టెలు కాలుస్తూ దిలీప్‌కు అంతా చెప్పింది. ఫౌండ్రీ మూసేశాక పిండి తడపడం అతని వంతు, కాల్చడం ఆమె వంతు.

"నీ ఎదురుగా సంతకం పెట్టాడా లేదా?" అన్నాడు దిలీప్.

"పెట్టాడు."

"అడిగితే అంతే చెప్పు. అందులో అబద్ధం ఏముంది?"

"అదే నా ఏడుపు. అబద్ధం లేదు."

దిలీప్ పిండి ముద్దను చేతిలో గుండ్రంగా తిప్పాడు. "కాలిపోతోంది చూడు," అన్నాడు. పెనం మీద భాకరీ ఒక వైపు నల్లబడింది. అది తన కంచంలో వేసుకున్నాడు.

మండలి గదిలో పెద్ద బల్ల వెనక మేజిస్ట్రేటు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. ఒకామె రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, ఒకాయన డాక్టరు. ఇంగవలే వాళ్ళ తరఫున పుణె నుంచి వచ్చిన వకీలు, వెనక కుర్చీలో మృణాలిని. ఫిర్యాది కాబట్టి హౌసాబాయినీ రానిచ్చారు. ఆమె కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

వకీలు ముందు డాక్టరు చీటీ ఇచ్చాడు. అబ్బాయికి జ్వరం, వచ్చే తేదీకి తప్పకుండా హాజరవుతాడు. వీడియో ఒక పిల్లచేష్ట, స్నేహితుల బలవంతం. "కానీ అయ్యా, పిల్లాడి నడవడి తెలియాలంటే వీడియో కాదు చూడాల్సింది, రిజిస్టరు. ఏడాదిలో ఒక్క సోమవారం తప్పలేదు. జ్వరం ఉన్న ఈ సోమవారం కూడా వచ్చి పెట్టి వెళ్ళాడు."

మేజిస్ట్రేటు రిజిస్టరు తిరగేశాడు. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళద్దాలు సర్దుకుని తొంగి చూసింది. "చక్కటి దస్తూరీ," అంది.

"కాంబ్లే మేడం, ఈ సంతకాలన్నీ మీ ఎదుటే పెట్టాడా?" అన్నాడు మేజిస్ట్రేటు.

సులభ లేచి నిలబడింది. గోడ వైపు చూడకూడదనుకుంది. చూడకపోయినా ఆ గుడ్డసంచీ ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

"నా ఎదుటే పెట్టాడు సర్."

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. మృణాలిని కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. మేజిస్ట్రేటు పెన్ను తీసుకుని ఏదో రాయడం మొదలుపెట్టాడు. ఇక కూర్చోవచ్చు. తను కూర్చుంటే, అతని పెన్ను ఆ వాక్యం పూర్తి చేస్తుంది, అంతే.

"చివరి నాలుగూ ఒకే రోజు పెట్టాడు సర్," అంది సులభ. "సెప్టెంబరు ఒకటిన. తేదీలు ముందుగా వేసుకోనిచ్చాను. తప్పు నాది. మూడు సోమవారాలుగా అతను ఆఫీసుకు రాలేదు. ఆసుపత్రికీ వెళ్ళలేదు. ఖాట్మండులో ఉన్నాడని వాళ్ళమ్మగారు నాతో చెప్పారు."

పెన్ను ఆగింది. వకీలు వెంటనే లేచాడు. "అయ్యా, ఇది కక్షతో..."

"కూర్చోండి," అన్నాడు మేజిస్ట్రేటు. రిజిస్టరు ఎత్తి కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. నాలుగు సంతకాలదీ ఒకే సిరా, ఒకే వాలు. నాలుగోదానికి వచ్చేసరికి చెయ్యి విసుగుపుట్టి అక్షరాలు కుదించేసింది. "మీరు చెప్పేదానికి అర్థం ఏంటో మీకు తెలుసా మేడం?"

"తెలుసు సర్."

పోలీసుల్ని పంపక్కర్లేకుండానే శార్దూల్ తొమ్మిది రోజుల్లో తిరిగొచ్చాడు. తాత మాటిచ్చాడని వాయిదా ఇచ్చారు, మాట ప్రకారం తీసుకొచ్చారు. తర్వాతి మంగళవారం మండలి ముందు నిలబడ్డప్పుడు అతనికి కొత్తగా గడ్డం పెరిగి ఉంది. కొత్త ఉన్ని జర్కిను వేసుకుని ఉక్కకు చెమట కక్కుతున్నాడు. తప్పయింది అన్నాడు. తల్లి ఏడ్చింది. హెడ్‌మిస్ట్రెస్ అతనికి మంచినీళ్ళు ఇప్పించింది.

ఉత్తర్వు చదివారు. పారిపోవడం తీవ్రమైన విషయమే. కానీ వయసు చిన్నది, తిరిగి తానే వచ్చాడు, చదువు పాడు కాకూడదు, పర్యవేక్షణలోనూ లోపం జరిగింది. అందుచేత గట్టి మందలింపు. ప్రొబేషన్ మరో ఆరు నెలలు పొడిగింపు. ఆసుపత్రి సేవ నాలుగు గంటలకు బదులు ఆరు. పర్యవేక్షణ లోపం గురించి జిల్లా అధికారి తగిన చర్య తీసుకోవాలి.

తగిన చర్య ఆ మధ్యాహ్నమే వచ్చింది, కవరు కూడా అంటించకుండా. పదో తేదీ తర్వాత ఆమె సేవలు అవసరం లేదు.

మెట్ల దగ్గర మృణాలిని ఎదురైంది. కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. కోపం కూడా లేదు ముఖంలో. "ఏం సాధించారు తాయీ? వాడు వాడి ఇంటికే వెళ్తున్నాడు, మీరూ మీ ఇంటికే వెళ్తున్నారు," అంది. శార్దూల్ ఫోను చూసుకుంటున్నాడు.

హౌసాబాయి ప్రహరీ బయట, చెరుకురసం బండి పక్కన నీడలో నిలబడి ఉంది. సులభ తప్పించుకుని వెళ్ళలేకపోయింది.

"ఏమన్నారు? వాళ్ళు చదివింది నాకేం ఎక్కలేదు."

సులభ చెప్పింది. హౌసాబాయి విని, "రెండేళ్ళ మీద ఇంకో ఆరు నెలలు రావాలి," అంది.

"రావాలి."

"నువ్వుండవు."

"ఉండను."

"రెండు వారాలు నా మొహం చూసి, సంతకం అయిందన్నావు."

"అన్నాను మావ్శీ."

"నీ ఉద్యోగం పోయినందుకు నాకేం జాలి లేదు."

"జాలి పడమని అనలేదు."

హౌసాబాయి సంచీలోంచి సీసా తీసి నీళ్ళు తాగింది. మూత పెట్టి, మళ్ళీ తీసి, సులభకు అందించింది. సులభ తాగింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి.

"నాకు అక్షరం రాదు," అంది హౌసాబాయి. "మెట్లెక్కి దిగితే చాలనుకున్నా. లోపల ఏం రాస్తాడో ఎన్ని రాస్తాడో నాకేం తెలుసు? ఇక సోమవారాలు నువ్వొచ్చి నా పక్కన కూర్చో."

"బయటివాళ్ళకు రిజిస్టరు చూపించరు మావ్శీ. నన్ను గుమ్మం లోపలికే రానివ్వరు."

"నన్ను రానిచ్చారా? ఏడాది బయటే కూర్చున్నా. వాడి చెయ్యి ఎన్నిసార్లు కదిలిందో కిటికీలోంచి కనపడదా నీకు? ఆ గదిలో కూర్చున్నదానివి."

సులభ సీసా మూత బిగించి తిరిగి ఇచ్చింది. కొత్తగా వచ్చే ఆఫీసరు ఎవరో, ఎలాంటి మనిషో. ప్యూను చూసే చూపు. ఏమ్మా ఇక్కడ కూర్చున్నారని పలకరించే పాత కేసుల తల్లులు. తన గదికి బయట, తన కుర్చీకి ఎదురుగా, పది నుంచి పన్నెండు దాకా. ఎవరైనా ఎందుకొచ్చావని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏ హోదా లేదు.

రసం బండివాడు గజ్జెలు మోగిస్తూ చక్రం తిప్పుతున్నాడు. ఇంగవలే వాళ్ళ కారు గేటు దాటి వచ్చి వాళ్ళ ముందు నుంచే మలుపు తిరిగింది. డ్రైవరే నడుపుతున్నాడా అని ఇద్దరూ ఒకేసారి వంగి చూశారు.

"మీ బస్సు ఎన్నింటికి వస్తుంది?" అంది సులభ.

"తొమ్మిదిన్నరకి. స్టాండులో నీకోసం ఆగను, నేరుగా ఆఫీసుకే వచ్చెయ్."