పై వాటాకు నీళ్లు

"నువ్వు ఊరికే నోటితో చెప్పు. కష్టపడి గీసేది నేను గదా!"

మొగుడు ఖాదర్ వలి ఈ మాట అనేసరికి ఖమర్‌బీ చేతికింద జొన్నరొట్టె సగం తట్టి ఉంది. పొయ్యి ముందు కూచుని, ఒక కన్ను పెనం మీద పెట్టుకుని, జమ్మలమడుగులో తన నాయన కట్టిన మిద్దెల్ని ఆమె గది గదిగా చెబుతోంది. గుమ్మానికి అవతల బల్లమీద కాగితం పరుచుకుని ఆయన గీస్తున్నాడు. రొట్టె మాడితే అత్త పీరాంబీ ఊరుకోదు, మాట ఆగితే మొగుడు ఊరుకోడు. నోటితో చెప్పడం అంత ఊరికే అయ్యే పనైతే అదీ ఆయనే చేసుకోవచ్చు గదా అనిపించింది ఆమెకు. పైకి మాత్రం, "తలవాకిలి దాటినాక నడవ. నడవ దాటినాక తొట్టి. ఇంటి నడుమ ఆకాశం కనపడే జాగా, దాని చుట్టూ పంచ" అంది.

అది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు. ప్రొద్దుటూరులో పత్తి వ్యాపారం చేసే షావుకారు సుబ్బరాయుడు మద్రాసు చూసొచ్చాడు. అక్కడ ఒకే మేడలో పది సంసారాలు ఒకదాని నెత్తిన ఒకటి కాపురం ఉంటాయట, వాటిని ఫ్లాట్లంటారట, పెద్ద పెద్ద డాక్టర్లూ లాయర్లూ వాటికోసం ఎగబడతారట. అదే మోజు ఆయనకూ పట్టుకుంది. కింద రెండు వాటాలు, పైన రెండు వాటాలు పెట్టి గొప్పోళ్లు దిగే మేడ ఒకటి కట్టాలనుకున్నాడు. "అయితే ఆ మద్రాసోళ్ల అగ్గిపెట్టెలు మనకొద్దు ఖాదరూ. మన మిద్దె కళ ఉండల్ల. రోడ్డున పొయ్యేటోడు నిలబడి చూడల్ల" అన్నాడు.

ఖాదర్ వలి కడపలో సర్కారు ఆఫీసులో ప్లాన్లు గీసి, ఈమధ్యే ప్రొద్దుటూరు వచ్చి సొంతంగా పని పెట్టుకున్నవాడు. ఆయన గీతకు వంక పెట్టలేం. కాని పాతకాలపు మిద్దె లోపలి సంగతులు ఆయనకేం తెలుసు? పుట్టింది కొట్టంలో, పెరిగింది బాడుగ గదుల్లో. తెలిసింది ఖమర్‌బీకి. ఆమె నాయన ఫకీర్ సాహెబ్ పేరున్న బేల్దారి. ఆయన గోడలు కడుతుంటే పదేళ్ల పిల్ల సున్నం గంప మోసి అందించింది. ఏ గోడ ఎందుకు అక్కడుందో అడిగి తెలుసుకుంది. మిషన్ బళ్లో ఎనిమిది దాకా చదివింది. ఈ ఇంట్లో మాత్రం అదంతా రెండు మాటలకు కుదించుకుపోయింది. కూర బాగుంటే "మా కోడలు" అంటుంది పీరాంబీ, ఉప్పెక్కువైతే "బేల్దారి కూతురు గదా, సున్నం అనుకోని వేసుంటాది" అంటుంది. పదకొండేళ్లుగా అదే ఎత్తిపొడుపు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు రొట్టె ఇంకాస్త గట్టిగా తడుతుంది, అంతే.

"బావి యాడుంది ఆ స్థలంలో?" అని ఆ రోజే అడిగింది.

"ఎనకాల యాడనో ఉందిలే. తియ్యనీళ్ల బావంట. ముందర రోడ్డుమీదికి కనపడే ఎలివేషన్ తేలనీ. బావి ఏం పారిపోతాదా?"

"పై వాటా వాళ్లకు నీళ్లెట్ల పోతాయి?"

"మెట్లుండాయి గదే! ఆడోళ్లు లేరా ఇండ్లల్లో?"

ఖమర్‌బీ పెనం మీది రొట్టె తిరగేసింది. కడపలో కాపురం పెట్టిన కొత్తలో వాళ్లది పై గది. కొళాయి కింద. నడుమ ఇరవై రెండు మెట్లు. రోజుకు పదహారు బిందెలు. కడుపుతో ఉండి మూడో నెలలో మోసింది, నాలుగో నెలలో మోసింది. అయిదో నెలలో ఒక పొద్దున పదిహేడో మెట్టు మీద నడుములో కలుక్కుమంది. బిందె మాత్రం కింద పెట్టలేదు, పెడితే నీళ్లు పోతాయని. సాయంత్రానికి అంతా అయిపోయింది. "నీళ్లు మోయని ఆడది యాడన్నా ఉంటాదా? నిలిచేదైతే నిలిచేది" అంది అత్త. మొగుడు ఆ రోజు ఏడ్చాడు, నిజమే. కాని ఏడ్చిన మనిషి మర్నాడు పొద్దున్నే స్నానానికి నీళ్లేవని అడిగాడు. మళ్లీ ఆమె కడుపు పండలేదు. ఆ మెట్లు ఎన్నని ఇప్పుడు అడిగితే ఆయనకు గుర్తుండదు. ఆమెకు నిద్రలో లేపి అడిగినా గుర్తే.

శంకుస్థాపనకు ముందురోజు స్థలంలో ముగ్గు పోశారు. కట్టబోయే గోడలన్నీ నేలమీద తెల్లటి సున్నపు గీతలై పరుచుకున్నాయి. ఆ రోజైతే చీపురుతో చెరిపి ఎటైనా జరపొచ్చు. మర్నాడు పునాది తవ్వాక మాత్రం ఎవరు మొత్తుకున్నా గోడ కదలదు. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని ఖమర్‌బీ వెళ్లేసరికి షావుకారు గొడుగు పట్టుకుని గీతల మధ్య పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. పక్కన పందిరి నీడలో నులక మంచం మీద ఆయన తల్లి నరసమ్మ ఆకూవక్కా నములుతోంది. చుట్టూ పదిమంది కూలీలు. మేడ ముందు భాగం సరిగ్గా రోడ్డు అంచుకు వచ్చింది. మెట్లు ముందున్నాయి, రోడ్డుమీదికి అందంగా కనబడాలని. బావి ఎక్కడో తొట్టికి ముప్పై అడుగులు వెనక, పెరట్లో పడి ఉంది.

ఆమెకు ఒళ్లు మండింది. కోపం అని చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ భయపడింది గాని, అది కోపమే. క్యారియర్ గట్టుమీద పెట్టి, కూలీ మునెమ్మ దగ్గర బిందె అడిగి తీసుకుంది. బావిలో చేదుకుని, నిండు బిందె చంకన పెట్టుకుని సున్నపు గీతల వెంట నడవడం మొదలుపెట్టింది. ఖాదర్ వలి తల ఎత్తి చూసి, "ఏం చేస్తాండావే, పిచ్చి గాని పట్టిందా?" అన్నాడు. ఆమె ఆగలేదు. పెరడు దాటింది. కింది వాటా వాళ్ల పంచ గీత దాటింది, తొట్టి దాటింది, నడవ దాటింది. తలవాకిలి బయటికొచ్చి మెట్ల గీతల్లో నిలబడి, ఒక్కో అడుగూ మోకాలెత్తి వేస్తూ ఇరవై రెండు లెక్కపెట్టింది. బిందె తొణికి గీత కాస్త చెరిగింది. కూలీలు నవ్వారు. ఖాదర్ వలికి తల కొట్టేసినట్టయింది.

"ఏందే పాపా అది?" అంది నరసమ్మ.

"పై వాటా అమ్మ నీళ్లు తెచ్చుకుంటాంది అవ్వా. ఇది మొదటి బిందె. పొద్దుటికి ఎనిమిది, సాయంత్రానికి ఎనిమిది. కింది వాటా మొగోళ్లు పంచలో కూచోనుంటే వాళ్ల ముందర నుంచే పోవల్ల."

నరసమ్మ వక్క నమలడం ఆపింది. కాసేపు గీతల వంక చూసి కొడుకును పిలిచింది. "సుబ్బరాయా, ఆ గొడుగు ఆడ పెట్టు. ఆ బిందె ఎత్తుకో."

"నేనా? ఏందిమా, అందరి ముందర!"

"మేడ నీదే గదరా. ఒక్క బిందె మోసి చూడు."

అమ్మ మాట కాదనే ధైర్యం షావుకారుకు ఊళ్లో ఎవరి ముందూ లేదు. పంచె ఎగగట్టి, బిందె భుజానికెత్తుకుని బావి దగ్గర నుంచి బయల్దేరాడు. తొట్టి దాకా బాగానే నడిచాడు. మెట్ల దగ్గర మోకాళ్లెత్తడం మొదలుపెట్టాక, తొమ్మిదో అడుగుకే చొక్కా తడిసి, ఊపిరి బరువై, "ఇంగెన్ని ఉండాయప్పా?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఒక్క మునెమ్మ తప్ప.

"పైన పటారం, లోన లొటారం అంటే ఇదేరా" అంది నరసమ్మ. "డాక్టరు భార్య మూడు నాళ్లుంటే నాలుగో నాడు మూట సర్దుకోని పోతాది. చెప్పవే పాపా, ఏం చేయల్లంటావు?"

ఖమర్‌బీ చెయ్యెత్తి బావి వైపు చూపించింది. "మేడను ముప్పై అడుగులు ఎనక్కి జరపండి అవ్వా. బావి తొట్టి నడిమధ్యకు వచ్చాది. పైన చుట్టూ వసారా తిప్పి, ఆడ గిలకలు బిగిస్తే, పై వాటా వాళ్లు నిలబడిన చోటనే చేదుకుంటారు. బావిలోకి వెల్తురూ పడతాది. రోడ్డుమీదికి రాకపోతే మాత్రం ఏం, కళ యాడికీ పోదు."

షావుకారు బిందె దించి, చెమట తుడుచుకున్నాడు. శంకుస్థాపన వారం వాయిదా వేశాడు.

ఇంటికొచ్చాక ఖాదర్ వలి అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు. పీరాంబీ రెండు పక్షాల తరఫునా తనే మాట్లాడింది. "మొగుడి పరువు షావుకారు భుజాన బిందె పెట్టి తీసింది. ఇట్లాంటిది యాడా చూళ్లేదమ్మా." మర్నాడు మధ్యాహ్నం షావుకారు కబురంపాడు. సాయంత్రం ఇంటికే వస్తున్నాడట, కొత్త ప్లాను గురించీ, పులివెందులలో కట్టబోయే ఇంకో మేడ గురించీ మాట్లాడాలట. అప్పుడు నోరు విప్పాడు ఖాదర్ వలి. బతిమాలుతున్నట్టే ఉంది గొంతు. "చూడు ఖమరూ. ఆ నీళ్ల చిక్కు ముందే నేను కనిపెట్టినా అని చెప్తా. వాళ్లకు తెలిసేటట్టు నడిచి చూపించమని నేనే నిన్ను పంపించినా అంటా. నువ్వు ఊ అను చాలు. నీకేం పోతాది?"

నీకేం పోతాది? టీకి నీళ్లు పెడుతూ ఆమె ఆ మాటే ఆలోచించింది. ఆయన చెడ్డవాడు కాదు. కొట్టడు, తాగడు, ఈద్ పండక్కి చీర తెస్తాడు. ఊ అంటే ఇల్లు నెమ్మదిగా ఉంటుంది. పులివెందుల పని దక్కుతుంది. మళ్లీ ఆయన బల్ల ముందు కూచుంటాడు, మళ్లీ తను పొయ్యి ముందు కూచుని గది గదిగా చెబుతుంది, మళ్లీ అది ఊరికే చెప్పిన మాట అవుతుంది. ఆ మెట్లమీద బిందె దించుకోకుండా నిలబడ్డ పొద్దున కూడా ఇలాగే అనుకుంది, ఒక్క నిమిషం ఓర్చుకుంటే ఏం పోతుందని. పోయిందేమిటో ఈ ఇంట్లో తనకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

షావుకారు వచ్చి కూచున్నాడు. ఖాదర్ వలి అనుకున్నదంతా చక్కగా చెప్పాడు. ఆఖరున లోపలికి తిరిగి, "అంతేనా కాదా ఖమరూ?" అన్నాడు.

ఆమె టీ గ్లాసులు బల్లమీద పెట్టింది. లోపలికి పోలేదు. గోడవారనున్న పీట లాక్కుని వాళ్ల ఎదురుగా కూచుంది. పీరాంబీ ముక్కున వేలేసుకుంది.

"కాదప్పా" అంది షావుకారుతో. "గీత ఈయనదే, ఈ జిల్లాలో ఇంత చక్కగా గీసేటోళ్లు లేరు. కానీ పులివెందుల స్థలం ముందు నేను నడిచి చూడల్ల. ఆడ ఉండబొయ్యే ఆడోళ్లతో మాట్లాడల్ల. ఆ తర్వాతే ఈయన కాగితం పరుస్తాడు. చెప్పప్పా, ఎప్పుడు బయల్దేరేది?"